తేజ మిర్చి ధర సున్నా అయిన సోమవారం

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి నడిపే ఒకాయనకు చిన్న వెబ్‌సైట్ చేసిచ్చి ఆరేళ్లయింది. అందులో పెద్దగా ఏమీ ఉండదు. పొద్దున జెండా పాట (మిర్చి వేలం) అయ్యాక తేజ ఎంత, వండర్ హాట్ ఎంత, 341 ఎంత అని వాళ్ల గుమస్తా ఫోన్‌లోనే నింపేస్తాడు, ఊళ్లలో రైతులు చూసుకుంటారు. రాత్రి 12 దాటితే పాత ధరలు పోయి, మళ్లీ నింపేదాకా ప్రతి రకం పక్కన "పాట కాలేదు" అని ఉంటుంది. మొన్న ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున్నే ఆయన ఫోన్.

"ఏంది తమ్మీ, తేజ సున్నా రూపాయలు చూపెడుతున్నది? పరకాల నుంచి ఒక రైతు పొద్దుగాల్నే నన్ను తిడుతున్నడు."

నేను ఇంకా మంచం మీదే ఉన్నాను. ముందు రోజు రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని సర్వర్‌లో పీహెచ్‌పీని (సైట్ల కోడ్‌ను నడిపే భాష) 7.4 వెర్షన్ నుంచి 8.2కి మార్చాను, అంతా బాగానే ఉందనుకుని పడుకున్నాను. ఆ సున్నాలు నా కంటికీ కనబడ్డాయి, అదే విచిత్రం. అర్ధరాత్రి ధరలెక్కడివి, సున్నానే ఉంటుంది కదా అనుకున్నా. "పాట కాలేదు" అనే మాట అక్కడ ఉండాలన్నది నిద్రమత్తులో తట్టలేదు.

ఇంతకీ మార్చడం ఎందుకంటే, పీహెచ్‌పీ 7.4కి సెక్యూరిటీ మరమ్మతులు 2022 నవంబర్ 28తోనే ఆగిపోయాయి. నా దగ్గర ముప్పై దాకా సైట్లున్నాయి, అన్నీ హన్మకొండ, కాజీపేట, నర్సంపేట చుట్టుపక్కల వాళ్లవే: విత్తనాల దుకాణం, ఫంక్షన్ హాల్, కోచింగ్ సెంటర్, ఇట్లాంటివి. పాత సర్వర్‌లో ఉన్న సెంటాస్ 7 అనే ఆపరేటింగ్ సిస్టమ్ కాలం 2024 జూన్ 30తో చెల్లిపోవడంతో, ఒక్కటి తప్ప వీటన్నింటినీ దాని బదులు ఆల్మాలైనక్స్ 8 ఉన్న కొత్త సర్వర్‌లోకి తెచ్చాను. తెచ్చేటప్పుడు ఏమీ కదపొద్దని అన్నింటినీ 7.4 మీదే ఉంచాను. ఆ తర్వాత "వచ్చే వారం చూద్దాం" అనుకుంటూ నెలలు గడిపాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన తమ్ముళ్లకు ఒక మాట చెప్పాలి, ఇప్పుడు మీకున్న సుఖం అప్పట్లో మాకు లేదు. సీప్యానెల్‌లో (సర్వర్‌ను చూసుకునే కంట్రోల్ ప్యానెల్) ఈజీఅపాచీ అనే పనిముట్టు మూడో వెర్షన్ ఉన్న కాలంలో అపాచీని (పేజీలు పంపే వెబ్ సర్వర్), పీహెచ్‌పీని సోర్స్ కోడ్ నుంచి సర్వర్ మీదే కంపైల్ చేసేవాళ్లం. ఏ మాడ్యూళ్లు కావాలో టిక్కులు పెట్టి బటన్ నొక్కి, చౌరస్తా దాకా పోయి టీ తాగి, ఇంకొకడితో పిచ్చాపాటీ మాట్లాడి వచ్చినా అది ఇంకా నడుస్తూనే ఉండేది. ఒక్కోసారి చివర్లో ఏదో లైబ్రరీ దొరకలేదని చెప్పి ఆగిపోయేది, మళ్లీ మొదటి నుంచి. పైగా సర్వర్ మొత్తానికి ఒకటే పీహెచ్‌పీ, ఒక్క సైట్ కోసం మారిస్తే అందరికీ మారేది. 2016లో స్థిరపడిన ఈజీఅపాచీ 4తో అది పోయింది. ఇప్పుడన్నీ తయారుగా ఉన్న ప్యాకేజీలు, యమ్ అనే ఇన్‌స్టాలర్ తెచ్చి పెట్టేస్తుంది. పీహెచ్‌పీ 7.4, 8.1, 8.2 పక్కపక్కన ఉంటాయి, సీప్యానెల్ అడ్మిన్ భాగమైన డబ్ల్యూహెచ్ఎంలో మల్టీపీహెచ్‌పీ మేనేజర్ తెరిచి ఏ డొమైన్‌కు ఏది కావాలో అది ఇవ్వొచ్చు. పాత ఈజీఅపాచీ 3 కథ 2018 డిసెంబర్ 31తో ముగిసింది. దాని కోసం కన్నీళ్లు పెట్టినవాణ్ని నేనైతే చూడలేదు.

ఇంత సుఖం ఉండి కూడా నేను చేసిన తప్పేంటంటే, ఒక్కో డొమైన్‌కు మార్చకుండా ఆ మేనేజర్ పేజీలో పైనున్న సిస్టమ్ డిఫాల్ట్‌ను 8.2 చేశాను. అది కొత్తగా తెరిచే ఖాతాలకే వర్తిస్తుందని నా నమ్మకం. కాదు. ఏ డొమైన్‌కు వెర్షన్ విడిగా ఎంచుకోలేదో అది "ఇన్‌హెరిట్" కింద ఉంటుంది, అంటే డిఫాల్ట్ ఎటు పోతే అదీ అటే. నేను చాలావాటిని తెచ్చి అట్లాగే వదిలేశాను కాబట్టి ఒక్క క్లిక్‌తో 22 సైట్లు 8.2 మీదికి దూకాయి. ఆ పేజీలో కింద డొమైన్ల వరుసలో ఇది రాసే ఉంటుంది, చూడనిది నేనే.

అది చాలదన్నట్టు అదే రాత్రి అపాచీ ఎంపీఎంను (వచ్చే కనెక్షన్లను ఎట్లా నడపాలో చూసే భాగం) కూడా ప్రీఫోర్క్ నుంచి ఈవెంట్‌కు మార్చాను. పేజీలను వేగంగా పంపే హెచ్‌టీటీపీ/2 ప్రీఫోర్క్‌తో సరిగా కుదరదు, ఈవెంట్ అయితే మెమరీ కూడా తక్కువ తింటుంది, మంచి పనే. కానీ రెండూ ఒకే రాత్రి చేస్తే, ఏదైనా పడిపోయినప్పుడు దేనివల్ల పడిందో తెలియక తల పట్టుకోవాలి. నేను పట్టుకున్నాను. చేసిన ఒకే ఒక్క తెలివైన పని, మొదలుపెట్టే ముందు టెర్మినల్‌లో ఈఏ కరెంట్ టు ప్రొఫైల్ అనే స్క్రిప్ట్ నడిపి అప్పటికి ఉన్న ప్యాకేజీల జాబితాను దాచుకోవడం. ఏదైనా బెడిసికొడితే ఆ ప్రొఫైల్‌ను మళ్లీ ఎక్కిస్తే ప్యాకేజీలు పాత స్థితికి వస్తాయి.

రాత్రి మూడు సైట్లు పడ్డాయి. అవి తేలిగ్గానే దొరికాయి. విత్తనాల దుకాణం సైట్ తెల్లపేజీ అయింది. పబ్లిక్ హెచ్‌టీఎంఎల్‌లో ఎర్రర్ లాగ్ తెరిస్తే ఎంబీ సబ్‌స్ట్రింగ్ అనే ఫంక్షనే లేదంటోంది. 7.4కు ఆ ఫంక్షన్ ఇచ్చే ఎంబీస్ట్రింగ్ ఎక్స్‌టెన్షన్ ఎప్పుడో పెట్టుకున్నాను, 8.2కు వేరేగా పెట్టాలి. ప్రతి వెర్షన్‌కూ దాని ఎక్స్‌టెన్షన్లు దానివే, ఒకదానివి ఇంకొకదానికి పనిచేయవు. తెలుగు సైట్లకు ఇది లేకపోతే కష్టం: మామూలు సబ్‌స్ట్రింగ్‌తో తెలుగు వాక్యాన్ని కోస్తే అక్షరం మధ్యలో తెగి, చివర ప్రశ్నార్థకం పెట్టిన నల్ల డబ్బా వస్తుంది. రెండోది ఫంక్షన్ హాల్ వాళ్ల పాత వర్డ్‌ప్రెస్ థీమ్, అందులో క్రియేట్ ఫంక్షన్ వాడారు, 8.0లో దాన్ని తీసేశారు. నాలుగు చోట్ల మార్చి రాశాను. మూడోది 500 ఎర్రర్. పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీని అపాచీ బయట విడిగా నడిపే పద్ధతి) పెట్టాక డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌లో పీహెచ్‌పీ వాల్యూ అని మొదలయ్యే వరుస ఉంటే అపాచీ ఒప్పుకోదు, ఆ ఆదేశం పీహెచ్‌పీని అపాచీ లోపలే నడిపే మాడ్ పీహెచ్‌పీ ఉన్నప్పుడే దానికి అర్థమవుతుంది. అప్‌లోడ్ పరిమితిని అక్కడి నుంచి తీసి మల్టీపీహెచ్‌పీ ఐఎన్ఐ ఎడిటర్‌లో పెట్టాను. పెట్టిన వెంటనే మార్పు కనబడలేదని నాలుగుసార్లు మార్చి మార్చి పెట్టకండి, ఆ ఎడిటర్ రాసే యూజర్ ఐఎన్ఐ ఫైల్‌ను పీహెచ్‌పీ మామూలుగా 300 సెకన్లకు ఒకసారే మళ్లీ చదువుతుంది. ఈ సంగతి తెలిసి కూడా నేను రెండుసార్లు మార్చాను, అది వేరే విషయం.

ఇక మిర్చి సైట్‌లో లాగ్ నిండా వెతికినా ఒక్క ఎర్రర్ లేదు. ముందు చేసిన పని, మల్టీపీహెచ్‌పీ మేనేజర్‌లో ఆ ఒక్క డొమైన్‌ను మళ్లీ 7.4కు తిప్పడం. నిమిషంలో "పాట కాలేదు" వచ్చేసింది. కానీ స్క్రీన్‌షాట్ అప్పటికే రెండు మూడు రైతుల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. ఆయన "నా పేరు పోయింది" అని ఒక పది నిమిషాలు దులిపారు. సీజన్ నెత్తిన ఉన్నప్పుడు సోమవారం పొద్దున వరంగల్ మార్కెట్ మనిషికి ఎంత టెన్షనో తెలుసు కాబట్టి నేనూ మాట్లాడకుండా విన్నాను. "పొరపాటైంది అన్నా, సరిచేసిన" అనడం తప్ప చెప్పేదేముంది, పీహెచ్‌పీ గురించి చెప్పలేను కదా.

తర్వాత కోడ్ తెరిస్తే ఆరేళ్ల కింద నేనే రాసిన వరుస. ధరను అంకెగా మార్చి, అది ఖాళీతో సమానమా అని రెండు ఈక్వల్ గుర్తులతో అడిగాను. సమానమైతే "పాట కాలేదు", కాకపోతే ధర చూపించు. పీహెచ్‌పీ 7 దాకా సున్నా అనే అంకె, ఖాళీ స్ట్రింగ్ రెండూ సమానమే అనేది. 8.0 నుంచి సమానం కాదంటోంది. నిజానికి ఇప్పుడు చెప్పేదే న్యాయం, సున్నాకూ ఖాళీకీ తేడా లేదా మరి? కాకపోతే పాత అలవాటు మీద నిలబడ్డ కోడ్ ఆగిపోదు, ఎర్రర్ ఇవ్వదు, నిమ్మళంగా తప్పు చెబుతుంది. తెల్లపేజీ అయితే రాత్రే పట్టుకునేవాణ్ని. ధర సున్నాయా అని నేరుగా అడిగేట్టు మార్చి, మధ్యాహ్నం పాటలన్నీ అయ్యాక మళ్లీ 8.2 ఇచ్చాను.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. ముందు ప్రతి డొమైన్‌కూ ఇప్పుడున్న వెర్షన్‌నే విడిగా ఎంచి పెడతాను, ఇన్‌హెరిట్‌లో ఒక్కటీ మిగలదు. తర్వాత సైట్‌ను ఒక సబ్‌డొమైన్‌లోకి కాపీ చేసి కొత్త వెర్షన్ దానికి ఇస్తాను, ఆ సైట్‌ను రోజూ వాడే మనిషికే లింకు పంపి "మీ పని మీరు చేసి చూడండి" అంటాను. హోమ్ పేజీ తెరుచుకుంటే చాలనుకునేది నేను, గుమస్తాకైతే ఏ గడిలో ఏముండాలో కళ్లు మూసుకున్నా తెలుసు. క్రాన్ పనుల్లో (వేళకు వాటంతట అవే నడిచేవి) కూడా ఉత్త పీహెచ్‌పీ అని రాయకుండా ఏ వెర్షనో పూర్తి దారి రాస్తున్నాను. ఎఫ్‌పీఎంలో మ్యాక్స్ చిల్డ్రన్ (ఒకేసారి నడిచే పీహెచ్‌పీ ప్రాసెస్‌ల పరిమితి) సీప్యానెల్ మామూలుగా 5 ఇస్తుంది, కోచింగ్ సెంటర్ వాళ్లు మాక్ టెస్ట్ మార్కులు పెట్టిన సాయంత్రం పిల్లలంతా ఒక్కసారి మీదపడితే అది చాల్లేదు, లాగ్‌లో అదే రాసింది, పెంచాను.

ఇంకా ఒక్కటి మిగిలింది. ఒక డిగ్రీ కాలేజీ సైట్, పీహెచ్‌పీ 5.6 మీద ఉంది, లోపలంతా డేటాబేస్‌తో మాట్లాడే పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లే. అవి 7.0లోనే పోయాయి. కొత్త సర్వర్‌లో ఈజీఅపాచీ 5.6ను ఇవ్వదు, కాబట్టి ఆ ఒక్క సైట్ కోసం పాత సెంటాస్ సర్వర్ అట్లాగే నడుస్తోంది, నెలనెలా బిల్లు నేనే కడుతున్నాను. మళ్లీ రాయించుకోండి సార్ అని ప్రిన్సిపాల్ గారిని ఇప్పటికి మూడుసార్లు అడిగాను. సెమిస్టర్ పరీక్షలు కానీ అన్నారు. అయ్యాయి. ఇప్పుడు అడ్మిషన్లు కానీ అంటున్నారు.