మింగకూడని అక్షరం

మా పెద్దది ‘కాలేజ్’లో చేరిందని ఫోన్లో చెప్పినప్పుడు మా అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అప్పుడే కాలేజీ ఏమిట్రా, ఇక సంబంధాలు చూడమంటావా ఏం?" అంది. ఫ్రాన్సులో కాలేజ్ అంటే మన ఆరు నుంచి తొమ్మిది దాకా చదివే బడి. దీనికి ఇప్పుడు పదమూడేళ్ళు.

ఆ బడిలో ఈ ఏడు కార్నేయి రాసిన ‘ల సిడ్’ నాటకం చెబుతున్నారు. 1637 నాటిది. కథ మాత్రం మన పద్యనాటకాల వాళ్ళు ఎత్తుకుపోవాల్సింది. ఒక కుర్రాడు ప్రేమించిన పిల్ల తండ్రే, ఆ కుర్రాడి ముసలి తండ్రిని చెంపదెబ్బ కొడతాడు. పగ తీర్చమని ముసలాయన కొడుకు చేతికి కత్తి ఇస్తాడు. రోడ్రీగ్ అనే ఆ కుర్రాడు ఒంటరిగా నిలబడి, ఇటు తండ్రా, అటు పిల్లా అని కొట్టుకుపోయే ఘట్టం ఒకటుంది. అది కంఠతా పట్టి అప్పజెప్పాలి.

"నాన్నా, వాళ్ళ నాన్న గొడవ వాళ్ళ నాన్నే చూసుకోవచ్చుగా?" అంది మా పిల్ల.

ఏదో అనబోయి ఊరుకున్నాను. ఆదివారం తెలుగు క్లాసుకి ఇక వెళ్ళనని అది మొండికేసి అప్పటికి వారం. నేను ఎత్తిన తాతగారి పేరు, ఇంటి పరువు ఇంకా హాల్లోనే తిరుగుతున్నాయి.

అందుకే ఒకప్పటి నటుడు జెరార్ ఫిలిప్‌ని పిలిచాను. రోడ్రీగ్ అంటే ఇప్పటికీ ఇక్కడి పెద్దవాళ్ళకి ఆయన మొహమే గుర్తొస్తుంది. ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు నాలుక తిరగడం కోసం నేను పదేపదే విన్న గొంతు కూడా ఆయనదే, ‘ల పెతి ప్రాన్స్’ (లిటిల్ ప్రిన్స్) కథ చదివిన రికార్డు. 1954 నాటిది. మాది యానాం లెండి. మా ఊరు ఫ్రెంచి వాళ్ళని సాగనంపిన ఏడూ అదే.

ఫిలిప్ కాన్ లో 1922లో పుట్టాడు. ఇంటిపేరు ‘ఫిలిప్’ చివర పలకని ‘ఎ’ (e) అక్షరం ఒకటి తగిలించుకున్నాడు, పేరంతా కలిపి పదమూడు అక్షరాలు రావాలని అంటారు. న్యూమరాలజీ మన సొంత జబ్బు అనుకునేవాణ్ణి. ఇరవై నాలుగేళ్ళకే సినిమాల్లో పెద్ద పేరు. అలాంటివాడు 1951లో జాఁ విలార్ నాటక బృందంలో చేరిపోయాడు. ఆ బృందం గోడపత్రికల మీద నటుల పేర్లు అక్షర క్రమంలో వేసేవారు. ఎంత స్టారైనా ‘పి’ దగ్గరే నిలబడాలి. ఆ వేసవిలోనే అవిన్యోఁ ఊళ్ళో, ఒకప్పటి పోప్‌ల కోట ముంగిట్లో, ఆరుబయట రోడ్రీగ్ వేశాడు. మరుసటేడు ‘ఫాన్‌ఫాన్ లా త్యులిప్’ సినిమాలో కత్తి తిప్పి ఊళ్ళకి ఊళ్ళని ఊపేసినా, నాటకం మాత్రం వదల్లేదు.

ఆయన రోడ్రీగ్‌గా పలికిన రికార్డు పెట్టాను. రెండు నిమిషాలు విని "పాడుతున్నాడేంటి?" అంది.

పాడటం కాదు. ఫ్రెంచి వాళ్ళు మామూలు మాటల్లో పదం చివరి ‘ఎ’ని మింగేస్తారు. పద్యంలో మాత్రం, పక్కన హల్లు వస్తే మింగకూడదు. ఆ ఘట్టంలో మూడో పాదం మా పిల్ల చదివితే ఇలా ఉంది: "మిజెరాబ్ల్ వాంజర్ ద్యున్ జ్యుస్త్ కెరెల్." వేళ్ళ మీద లెక్కపెడితే తొమ్మిది అక్షరాలే. ఉండాల్సినవి పన్నెండు. నేను చదివాను: "మిజెరాబ్లె వాంజర్ ద్యునె జ్యుస్తె కెరెల్." పన్నెండూ వచ్చాయి! ప్రతి పదాన్నీ అచ్చుతో ముగించే నాలుక మనది. పన్నెండేళ్ళుగా ఆఫీసులో దీన్ని దాచుకుంటూ బతుకుతున్నాను. మా పిల్ల పేరు ‘హ’తో మొదలవుతుంది, బడిలో ఆ ‘హ’ని కూడా మింగేస్తారు. మింగకుండా పలకడం తప్పు కాని చోటు ఈ దేశంలో ఒకటి దొరికింది.

గణాలు కడుతూ వేళ్ళు మడిచే మా తాత గుర్తొచ్చాడు. రాయబారం పద్యాలు ఎత్తుకుంటే వీధి చివర దాకా రాగం సాగేది. ఆ మాట దానితో అనలేదు. మళ్ళీ తాతగారా అంటుంది.

"ఆ రికార్డులో ఆయన నిజంగా వాళ్ళ నాన్న మాట వినేవాడా?" అని అడిగింది, ఉన్నట్టుండి.

చెప్పాలా వద్దా అనిపించింది. చెప్పాను. ఫిలిప్ తండ్రి యుద్ధంలో జర్మన్ల పక్షం చేరినవాడు. కొడుకేమో 1944 ఆగస్టులో పారిస్ విముక్తి కోసం నగర సభా భవనంలో పోరాడినవాళ్ళలో ఒకడు. తర్వాత తండ్రికి మరణశిక్ష వేశారు, కానీ ఆయన అప్పటికే స్పెయిన్ పారిపోయాడు. ఆ స్పెయిన్‌లో జరిగే కథలోనే, తండ్రి పరువు కోసం కత్తి పట్టే కొడుకు వేషం ఈయనకి అంత పేరు తెచ్చింది.

"మరి స్టేజి మీద అది చెప్పేటప్పుడు ఏమనుకునేవాడు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ వేషం ఆయన్ని వదల్లేదన్నది మాత్రం నిజం. 1959 నవంబరులో కాలేయ క్యాన్సర్‌తో పోయాడు, ముప్పై ఏడు నిండకుండానే. జబ్బేమిటో భార్య చివరిదాకా ఆయనకి తెలియనివ్వలేదు. రోడ్రీగ్ దుస్తులు తొడిగి రమత్యుయెల్ ఊళ్ళో పాతిపెట్టారు. కూతురికి ఐదేళ్ళు కూడా నిండలేదు, కొడుక్కి మూడు.

మా పిల్ల ఏమీ అనలేదు. కాగితం తీసుకుని గదిలోకి వెళ్ళింది. ఆ రాత్రి తలుపు వెనక నుంచి "మిజెరాబ్లె... మిజెరాబ్లె..." అని వినిపిస్తూనే ఉంది.

మార్కులు ఇరవైకి పదహారు. పక్కన టీచరు ఎర్రసిరాతో రెండు ముక్కలు రాసింది: ‘అక్షరాలన్నీ చక్కగా పలికింది. కాస్త రాగం తగ్గించాలి.’

మా ఆవిడ ఆ కాగితం చదివి నా వంక చూసింది.