రాకీ రిడ్జ్ ఎక్కడానికి వెనక షాక్ సెట్టింగ్

శనివారం. అలారం అక్కర్లేకుండానే లేచిపోయా, ఇవాళ శాంటా థెరీసా పార్కులో రాకీ రిడ్జ్ ఎక్కాలి కదా, దానికి ముందు నా మౌంటెన్ బైక్ (కొండ దారుల సైకిల్) వెనక షాక్, అంటే వెనక చక్రం కుదుపుల్ని మింగే గాలి స్ప్రింగు, దాని సంగతి తేల్చాలి. శాన్ హోసేలో దక్షిణం వైపు ఉండేవాళ్ళకి ఈ కొండ బాగా తెలుసు, పేరుకి తగ్గట్టే రాళ్ళ దారి, సర్పెంటైన్ రాయి మట్టిలోంచి పొడుచుకొచ్చి మెట్లు మెట్లుగా ఉంటుంది. ఇలాంటి దారికి బైక్ ఎలా సెట్ చేసుకోవాలన్న దాని మీద నాకు ఒక గట్టి అభిప్రాయం ఉంది, ఇవాళ దాన్ని దారి మీదే పరీక్షించి చూసుకుందాం అనుకున్నా.

లేవగానే చేసిన మొదటి పని బైక్‌ని గరాజ్‌లోంచి బయట పేషియోలో పెట్టడం. గాలి కొట్టింది కొట్టినట్టే ఉంటుందనుకుంటాం గానీ షాక్‌లో గాలి చలికి కుంచించుకుపోతుంది. 24 డిగ్రీల గరాజ్‌లో 175 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెట్టి 9 డిగ్రీల పొద్దున్న ట్రెయిల్ మీదకి తీసుకెళ్తే లోపల మిగిలేది 165 దగ్గర, అంటే మనకి తెలీకుండానే 10 పీఎస్ఐ తగ్గినట్టు. అందుకే ఉప్మా తినేంతసేపు బైక్ బయటే, ఆ చలికి అలవాటు పడ్డాకే పంపు పెట్టడం.

తర్వాత సాగ్ కొలవడం, అంటే మనం కూర్చోగానే మన బరువుకి షాక్ ఎంత దిగుతుందో చూడటం. మావాడు నిద్రకళ్ళతోనే వచ్చి హెల్ప్ చేస్తానన్నాడు, వాడికి ఈ పనంటే చాలా ఇష్టం. నేను షూస్, హెల్మెట్ వేసుకుని, వాటర్ బ్యాగ్ ఫుల్‌గా నింపి తగిలించుకున్నా, ఆ మూడు లీటర్ల నీళ్ళే మూడు కిలోలు కదా, ఒట్టి ఒంటితో కొలిస్తే లెక్క వేరే వస్తుంది. అన్నీ కలిపి 79 కిలోలు, అంటే 174 పౌండ్లు. బరువెన్ని పౌండ్లో అన్ని పీఎస్ఐతో మొదలుపెట్టమంటారు, ఫాక్స్ ఫ్లోట్ షాక్‌లకి ఆ లెక్క మొదటి అంచనాకి పనికొస్తుంది. 174 పెట్టి, గోడకి చెయ్యి ఆన్చి సీటు మీద మెల్లిగా కూర్చున్నా. "నాన్నా, డోంట్ మూవ్" అని వాడు కింద కూర్చుని షాక్ మీదున్న నల్ల రబ్బరు రింగుని వేలి గోరుతో సీల్ దాకా తోశాడు. నేను ఊపకుండా దిగాను, వాడు స్కేలు పెట్టి చూసి "సెవెన్టీన్ ఉంది నాన్నా" అన్నాడు. నా షాక్ స్ట్రోక్, అంటే అది మొత్తం నొక్కుకుపోగల దూరం, 55 మిల్లీమీటర్లు, అందులో 17 అంటే 31 శాతం. కొండ దిగడానికి హాయిగా ఉంటుంది గానీ ఎక్కడానికి నాకు ఎక్కువ. ఇంకొంచెం కొట్టి, షాక్‌ని నాలుగో వంతు దాకా మెల్లిగా ఓ పదిహేనుసార్లు నొక్కి వదిలా, అలా చేస్తేనే లోపలి పాజిటివ్, నెగటివ్ గదుల్లో గాలి సమానం అవుతుంది, లేదంటే మీటర్ ఒకటి చెప్తుంది, బైక్ ఇంకోలా ఉంటుంది. చివరికి 183 దగ్గర 15 మిల్లీమీటర్లు, 27 శాతం. వాడే నోట్‌బుక్‌లో రాశాడు.

రెండు మిల్లీమీటర్లకి ఇంత హడావుడా అంటే, అవును. నా బైక్‌కి వెనక చక్రం 140 మిల్లీమీటర్లు కదులుతుంది, షాక్ 55 కదులుతుంది, అంటే రింగు దగ్గర ఒక మిల్లీమీటరు చక్రం దగ్గర రెండున్నర. ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి జారుతుంది, వెనక ఇంకా దిగుతుంది, ముందు ఫోర్క్ మీద బరువు తగ్గి అది పైకి లేస్తుంది. వెనక 15 దిగి ముందు 15 లేచిందనుకుంటే, 1200 మిల్లీమీటర్ల వీల్‌బేస్ (రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం) మీద అది దాదాపు ఒకటిన్నర డిగ్రీ. సీటు ట్యూబ్ (సీటుని మోసే గొట్టం) వాలు 76 డిగ్రీలని కంపెనీ వాళ్ళు రాస్తారు గానీ కొండ మీద మనం కూర్చునేది 74.5 మీద. నడుము వెనక్కి పోతుంది, ముందు చక్రం తేలిపోయి అటూ ఇటూ తిరుగుతుంది, దానికి తోడు పెడళ్ళు కిందకి దిగి రాళ్ళకి టకటకా తగులుతాయి. ఈ మూడూ కలిసొస్తే జనం "నాకు దమ్ము చాలట్లేదు" అనుకుంటారు, అసలు సంగతి సాగ్. సీటుని కూడా పట్టాల మీద ఒక సెంటీమీటరు ముందుకి జరిపా, దాంతో బరువు చక్రాల మధ్యకి వచ్చింది.

ఎనిమిదింటికి ప్యూబ్లో పార్కింగ్‌లో నేను అన్నా అని పిలిచే ఫ్రెండ్ కలిశాడు. కరీంనగర్ ఆయన, ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయింది, నాకన్నా గట్టి కాళ్ళు. నా షాక్ మీదున్న నీలం లీవర్ (షాక్‌ని వదులుగా ఓపెన్, మధ్యస్థంగా మీడియం, బిగువుగా ఫర్మ్ చేసేది) ఓపెన్‌లో ఉండటం చూసి ఆగిపోయాడు. "ఏంది తమ్మీ, లాక్ చెయ్యవా? తొక్కిన దమ్మంతా షాక్‌కే పోతది."

"రోడ్డు మీదైతే లాక్ చేస్తానన్నా, ఈ రాళ్ళ మీద మాత్రం ఓపెనే. ఒక్కసారి నా వెనకాలే వచ్చి నా షాక్ చూడు."

ఇదే నేను అందరికీ చెప్పాలనుకునేది. ఎక్కడమంటే సస్పెన్షన్ బిగించెయ్యడమే అని చాలామంది నమ్మకం. తారు రోడ్డు, నున్నటి ఫైర్ రోడ్ (ఫైరింజన్లు వెళ్ళేలా వేసిన వెడల్పు మట్టి దారి) అయితే నిజమే, అక్కడ ఫర్మ్‌లో పెట్టుకుంటే సుఖం, లేచి నిలబడి తొక్కినా బైక్ ఊగదు. కానీ రాళ్ళ మీద ఎక్కేటప్పుడు మనకి కావాల్సింది పట్టు. లాక్ చేస్తే వెనక చక్రం ప్రతి రాయి మీదా బంతిలా ఎగురుతుంది, గాల్లో ఉన్న ఆ క్షణంలో మనం తొక్కింది అంతా వృథా, టైరు గిర్రున తిరిగి ఆగిపోతాం. ఓపెన్‌లో చక్రం రాయి ఎక్కి దిగుతుంది, టైరు నేలని వదలదు. ఇక ఊగుడు సంగతంటారా, ఇప్పటి బైకుల్లో పివట్లు (వెనక భాగం కదిలే కీళ్ళు) పెట్టే చోటే అలా ఉంటుంది, చైన్ లాగినప్పుడు ఆ లాగుడే వెనక భాగాన్ని కిందకి కుంగకుండా నిలబెడుతుంది, యాంటీ స్క్వాట్ అంటారు. కూర్చుని, తేలిక గేరులో గుండ్రంగా తొక్కితే ఊగేది చాలా కొంచెం. మరీ ఊగుతుందనిపిస్తే మధ్యలో మీడియం ఉంది, అది మంచి రాజీ. టైరు గాలి కూడా ఇందులో భాగమే, వెనక 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్‌లో ఇవాళ 24 పీఎస్ఐ పెట్టా.

అన్న నా వెనకాలే వచ్చాడు. మొదటి కొంచెం మట్టి దారి మామూలుగా గడిచిపోయింది, గడ్డి ఇంకా పచ్చగా ఉంది, అక్కడక్కడా నారింజ రంగు పాపీ పూలు. రాళ్ళు మొదలయ్యాక ఒక చోట రెండు మెట్లు పక్కపక్కనే వస్తాయి, మొదటిది జానెడు ఎత్తు, దాని వెంటనే ఇంకొంచెం పొట్టిది, మధ్యలో బైక్ పొడవంత కూడా చోటు లేదు. ముందు చక్రం మొదటిది దాటింది, వెనక చక్రం దాన్ని ఎక్కింది, సరిగ్గా రెండోదానికి ముందు చక్రం లేపాల్సిన టైంలో వెనక భాగం ఇంకా కిందే ఉండిపోయింది. కాలు కింద పెట్టేశా. అన్న వెనక నుంచి "షాక్ మల్లా పైకి వస్తలేదు తమ్మీ, నొక్కుకపోయి అట్లనే ఉన్నది" అన్నాడు. కరెక్ట్‌గా పట్టుకున్నాడు. అది రీబౌండ్, అంటే నొక్కుకున్న షాక్ తిరిగి పైకి లేచే వేగం. గాలి పెంచితే మామూలుగా రీబౌండ్ కాస్త నిదానం చెయ్యాలి, ఎందుకంటే గట్టి స్ప్రింగ్ గట్టిగానే తంతుంది, నిన్నటి సెట్టింగ్ ఆ లెక్కలోనే ఉంది. కానీ మెల్లగా పోతూ వరసగా రాళ్ళు ఎక్కేటప్పుడు షాక్ ఒక రాయికి దిగి, తర్వాత రాయి వచ్చేలోపు లేచి రెడీగా ఉండాలి, లేకపోతే దిగిందాని మీద దిగుతూ పోతుంది.

అక్కడే రాయి మీద కూర్చుని ఎర్ర నాబ్‌ని రీబౌండ్ వేగం పెరిగేలా రెండు క్లిక్కులు ఎడమకి తిప్పా. కొంచెం వెనక్కి వెళ్ళి మళ్ళీ అదే చోటుకి వచ్చా. ఈసారి మొదటి మెట్టు ఎక్కగానే సీటు కింద నుంచి ఎవరో మెత్తగా పైకి తోసినట్టు అనిపించింది, ముందు చక్రం దానంతటదే తేలికగా లేచింది, చైన్ బిగుసుకున్నప్పుడు పెడల్ కాలికి ఒక చిన్న తన్ను తన్నింది, టైరు కరకరమంది, అంతే, రెండోదీ దాటేశా. ఆ క్షణంలో వచ్చే ఆనందం ఎలా చెప్పాలో నాకు తెలీదు గానీ గట్టిగా అరిచానని మాత్రం గుర్తుంది, ఎదురుగా వస్తున్న ఇద్దరు హైకర్లు చప్పట్లు కొట్టారు. వాళ్ళకి దారిచ్చి పక్కకి నిలబడ్డాం, ఇక్కడ నడిచేవాళ్ళకీ గుర్రాలకీ సైకిలే ఆగాలి.

తర్వాత అన్న కూడా తన లీవర్ ఓపెన్ చేశాడు. ఏం మాట్లాడలేదు, కానీ అక్కడ్నించి పైదాకా మళ్ళీ ముయ్యలేదు కూడా. కయోటీ పీక్ 1155 అడుగులే, పెద్ద కొండేం కాదు, కానీ పైనుంచి లోయ మొత్తం కనిపిస్తుంది, నీళ్ళు తాగి ఖర్జూరాలు తిన్నాం. దిగేటప్పుడు వెనక కాస్త చురుగ్గా తన్నింది, రెండు క్లిక్కుల ప్రభావం అది, కానీ ఈ దారి స్పీడుకి పర్లేదు, పెద్ద జంపులున్న చోటైతే దిగేముందు ఒక క్లిక్ వెనక్కి తిప్పుకోవాలి. కిందకొచ్చి చూస్తే రబ్బరు రింగు 47 దగ్గర ఉంది. 55లో 47, ఎక్కడా షాక్ చివరిదాకా నొక్కుకుపోలేదు, ఇంకా కొంచెం మిగిలుంది. లోపల ఒక వాల్యూమ్ స్పేసర్ (గాలి గదిలో చోటు తగ్గించే ముక్క) ఉంది, దాన్ని తీస్తే ఆ చివరి ట్రావెల్ కూడా వాడుకోవచ్చు, ఈ వారంలో విప్పి చూడాలి.

మధ్యాహ్నం ఇంటికొచ్చి భోంచేసి పడుకున్నా. సాయంత్రం అమ్మ ఫోన్ చేస్తే "ఈ వయసులో ఆ రాళ్ళ మీద సైకిలేంట్రా" అంది, బాగా ఎక్కానని చెప్తే సరే జాగ్రత్త అంది.

నోట్‌బుక్‌లో మావాడి అంకెల కింద రాసుకున్నవి: 183 పీఎస్ఐ, చలిలో. సాగ్ 15. రీబౌండ్ నిన్నటికన్నా రెండు క్లిక్కులు ఫాస్ట్. లీవర్ ఓపెన్. సీటు ఒక సెంటీమీటరు ముందుకి. ఇది రాస్తుండగానే అన్న మెసేజ్ పెట్టాడు, వచ్చే శనివారం తన బైక్ కూడా చూడమని, ఆయన బరువు 92 కిలోలు, షాక్ కూడా వేరే మోడల్, కాబట్టి మన అంకెలు ఆయనకి పనికిరావు, మొదటి నుంచి కొలవాల్సిందే. షూస్ వేసుకుని, బ్యాగ్‌లో నీళ్ళు నింపుకుని రమ్మన్నా, స్కేలు పట్టుకోడానికి మావాడు ఉంటాడని చెప్పా.