కావాలని చెడగొట్టిన ఫైళ్లు

క్లౌడులో ఏమేం ఉండాలో ఫైళ్లలో రాసిస్తే వాటిని తయారుచేసే సాధనం టెర్రాఫార్మ్. దాన్ని వాడే మా రిపాజిటరీలో ఒక ఫోల్డరు నిండా, అది ఏ తప్పును ఎక్కడ పట్టుకుంటుందో పరీక్షించడానికి కావాలని చెడగొట్టిన ఫైళ్లే ఉంటాయి. ఒకదానిలో ఎక్కడా లేని రిసోర్సును (సర్వరు, డిస్కు లాంటిదాన్ని) ప్రస్తావిస్తాం. ఇంకోదానిలో వేరియబుల్ పేరులో ఒక వత్తు ఎగిరిపోయి ఉంటుంది. మరోదానిలో రెండు లోకల్స్ (ఫైళ్లలో మనం పేరు పెట్టుకున్న విలువలు) విలువ కోసం ఒకదాని ముఖం ఒకటి చూస్తుంటాయి. కొత్తగా చేరినవాళ్లు పాపం వీటిని చూడగానే సరిదిద్దబోతారు. అందుకే ప్రతి ఫైలు నెత్తిన 'ముట్టుకోవద్దు' అని తెలుగులో కామెంటు పెట్టాను.

ఒకచోట ప్రకటించినదాన్ని ఇంకోచోట పేరుతో పిలిచే రిఫరెన్సులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడం టెర్రాఫార్మ్ పనే కదా, మధ్యలో మీకెందుకీ శ్రమ అని అడుగుతుంటారు. మా దగ్గర ఫైళ్లను తనిఖీ చేసే 'వ్యాలిడేట్' కమాండు దాటిన మార్పు నేరుగా సమీక్షకు వెళ్తుంది. అక్కడ ఆగేవి ఏవో, తప్పించుకుని, ఏమేం మారతాయో ముందుగా లెక్కగట్టే 'ప్లాన్' దాకా పోయేవి ఏవో తెలిస్తేనే సమీక్షించేవాళ్లు దేని మీద కన్నేయాలో తెలుస్తుంది.

వ్యాలిడేట్ క్లౌడు వైపు కన్నెత్తి కూడా చూడదు. ప్రొవైడర్ (క్లౌడుతో మాట్లాడే ప్లగిన్) ఇచ్చిన స్కీమా (ఏ రిసోర్సుకు ఏ అట్రిబ్యూట్లు ఉంటాయో చెప్పే జాబితా), మన ఫైళ్లు, అంతే దాని లోకం. లేని రిసోర్సు, స్కీమాలో లేని అట్రిబ్యూట్, కౌంట్ (ఎన్ని నకళ్లు కావాలో చెప్పే సంఖ్య) పెట్టిన రిసోర్సును సూచిక లేకుండా పిలవడం వంటివి అక్కడే దొరికిపోతాయి. ఉన్నదాన్ని చదువుకునే డేటా రిసోర్సును పిలుస్తూ 'డేటా' అన్న ముందుమాట మరిచిపోతే, ఆ పేరుతో డేటా రిసోర్సు ఉందని గుర్తు కూడా చేస్తుంది. కానీ కౌంట్ 2 ఉన్నచోట ఐదో సూచిక అడిగి చూడండి, కిమ్మనదు. విలువలు దానికింకా తెలియవు కాబట్టి ఆ తప్పు ప్లాన్‌లోనే బయటపడుతుంది. అందుకే మా ఫోల్డరులో 'వ్యాలిడేట్ దాటాలి, ప్లాన్‌లో పడిపోవాలి' అనే రకం ఫైళ్లు వేరుగా ఉన్నాయి. నా దృష్టిలో అసలు విలువైనవి అవే.

ఈ ఫైళ్లలో వీలైనంతవరకు టెర్రాఫార్మ్ 1.4 వెర్షనులో వచ్చిన 'టెర్రాఫార్మ్ డేటా' రిసోర్సునే వాడతాం. అది టూల్‌లోనే ఉంటుంది కాబట్టి ప్రొవైడర్‌ను దించుకోనక్కర్లేదు, క్లౌడు ఖాతా అక్కర్లేదు.

1.6తో వచ్చిన 'టెస్ట్' కమాండు ఉండగా ఇదంతా ఎందుకంటే, అందులో 'ఇది విఫలం కావాలి' అని మనం చెప్పగలిగేది మనం రాసుకున్న షరతుల గురించే: వేరియబుల్ వ్యాలిడేషన్ (వేరియబుల్ విలువకు పెట్టే షరతు), ముందు షరతు, తర్వాతి షరతు, చెక్ బ్లాకు. రిఫరెన్సే తప్పయితే మొత్తం పరీక్ష అక్కడే కూలబడుతుంది. కాబట్టి మేము వ్యాలిడేట్‌ను ప్రోగ్రాములు చదవగల జేసన్ రూపంలో నడిపి, వచ్చిన జవాబును చిన్న స్క్రిప్టుతో చదువుతాం.

ఇక్కడ చాలామంది ఎగ్జిట్ కోడ్ (కమాండు ముగిశాక ఇచ్చే సంఖ్య, సున్నా అంటే నెగ్గినట్టు) సున్నా కాకపోతే చాలనుకుంటారు. నాకది నచ్చదు. ప్రొవైడర్లను దించే 'ఇనిట్' నడపకుండా వదిలేస్తే ప్రొవైడర్ దొరకలేదన్న ఫిర్యాదుతోనూ వ్యాలిడేట్ విఫలమవుతుంది, మన పరీక్ష మాత్రం పచ్చగా వెలుగుతుంది. అబ్బాయి ఫెయిలయ్యాడంటే సరిపోదు కదా, ఏ సబ్జెక్టులో పోయిందో మార్కుల కాగితంలో ఉండాలి. అందుకని ప్రతి చెడ్డ ఫైలు నుంచి సరిగ్గా ఒకే ఒక తప్పు రావాలి, దాని శీర్షిక, వరుస సంఖ్య మేము రాసిపెట్టుకున్నవాటితో కలవాలి. వివరణ వాక్యాలను పోల్చం. వెర్షను మారితే వాటి మాటతీరు మారుతుంది. లోకల్స్ చక్రంలో చిక్కుకున్న ఫైలుకు మాత్రం వరుస సంఖ్య కూడా అడగం. చక్రానికి మొదలెక్కడని చెబుతుంది పాపం!

వరుసతో పాటు కాలమ్ కూడా చూస్తాం, బైటు స్థానం జోలికి మాత్రం పోం. కారణం నా తెలుగు కామెంటే. బైటు లెక్క ఫైలు మొదటి నుంచి సాగుతుంది. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్‌పాయింటు (అక్షరంలోని ఒక్కో గుర్తు) ఒక్కోటి 3 బైట్లు. కామెంటులో ఒక మాట మార్చితే కింద ఉన్న స్థానాలన్నీ జరిగిపోతాయి. వేరియబుల్ పేరు కూడా తెలుగులో పెట్టవచ్చు, టెర్రాఫార్మ్ ఫైళ్ల భాష హెచ్‌సీఎల్ యూనికోడ్ పేర్లను ఒప్పుకుంటుంది. 'ప్రాంతం' అని ప్రకటించి 'పాంతం' అని పిలిస్తే, 'ప్రాంతం'మా అని అడుగుతుంది. రెండు పేర్ల మధ్య ఎడం మూడు మార్పులకు చేరకపోతేనే అది సూచన ఇస్తుంది. రవత్తు పోతే పోయేది రెండు కోడ్‌పాయింట్లే. అసలు ప్రాజెక్టుల్లో తెలుగు పేర్లు పెట్టమని నేను చెప్పడం లేదు లెండి, పరీక్షకు మాత్రం ఇంతకన్నా మంచి సరుకు దొరకదు.

చెడ్డ ఫైళ్లు పాతబడతాయి కూడా. ఒక వేరియబుల్ వ్యాలిడేషన్‌లో ఇంకో వేరియబుల్‌ను ప్రస్తావించడం 1.9కి ముందు తప్పు. 2024లో వచ్చిన ఆ వెర్షనుతో అది ఒప్పయింది. 'ఇది విఫలం కావాలి' అన్న ఫైలు దర్జాగా నెగ్గితే, మా పరీక్షే ఎర్రబడుతుంది. ఎర్రబడాలి కూడా. అలాంటి ఫైలును తీసేయకుండా మంచివాటి ఫోల్డరులోకి మార్చి, నెత్తినున్న కామెంటు చెరిపేస్తాం. టెర్రాఫార్మ్ నుంచి విడిపోయిన ఓపెన్‌టోఫు మీద కూడా ఇదే ఫోల్డరును నడపాలని ఉంది. రెండింటి జవాబులూ ఏ ఫైలు దగ్గర విడిపోతాయో చూడాలి.