కోఠీలో బొమ్మ ఇల్లు

బందరు నుంచి హైదరాబాదు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. కోఠీలో ఎన్నిసార్లు బస్సు మారానో, ఎన్ని పాత పుస్తకాలు బేరమాడానో లెక్కలేదు. కోఠీ అంటే పెద్ద బంగళా అని, ఆ పేటకి ఆ పేరు తెచ్చిన బంగళా ఇప్పుడు విశ్వవిద్యాలయమైన మహిళా కళాశాల గోడ వెనకాలే ఉందని తెలుసు. అయినా లోపలికి అడుగు పెట్టలేదు. ఈ చలికాలం, అక్కడ చదువుతున్న మా మేనకోడలు అనుమతి తీసుకుని "రా అత్తా, చూపిస్తా" అంటే వెళ్లాను.

ముందు కనిపించేవి ఆరు భారీ స్తంభాలు, విశాలమైన మెట్లు, వాటికి అటూ ఇటూ రెండు సింహాలు. పైన ఈస్టిండియా కంపెనీ చిహ్నం. 1803 ప్రాంతంలో ఇది కట్టించడం మొదలుపెట్టినవాడు నిజాం దర్బారులో కంపెనీ రెసిడెంటు, అంటే ప్రతినిధి, జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్. ఖర్చు మాత్రం నిజాముది. లోపల రెండు పాయలుగా పైకి వెళ్లే మెట్లు, రంగులు వేసిన పైకప్పు చూస్తుంటే మెడ నొప్పి పుట్టింది. చాలా ఏళ్లు శిథిలంగా పడి ఉన్న ఈ భవనానికి మళ్లీ ప్రాణం పోసిన పనివాళ్లకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

కానీ నేను వెళ్లింది దాని కోసం కాదు. వెనక తోటలో ఉన్న చిన్న ఇంటి కోసం.

కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు ఉన్నత కుటుంబపు అమ్మాయి ఖైరున్నీసాని ఇస్లాం పద్ధతిలో నిఖా చేసుకున్నాడు. ఆమె కోసం ఇక్కడే రంగ్ మహల్ అని జనానా, అంటే ఆడవాళ్ల నివాసం, కట్టించాడు. పరదా పాటించే ఆమె ఆ సింహాల వైపు వచ్చి, ఆ పెద్ద బంగళా ముందు నుంచి ఎలా ఉంటుందో చూసే వీలు లేదు. అందుకని అచ్చంగా అలాంటిదే ఓ బొమ్మ భవనం కట్టించి ఆమె తోటలో పెట్టించాడని చెబుతారు. రంగ్ మహల్‌ని 1860లో కూల్చేశారు. బొమ్మ మిగిలింది.

దాని ముందు గొంతుక్కూర్చున్నాను. అవే స్తంభాలు, అదే ముఖద్వారం, అన్నీ చిన్నవి. ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని ఆమె ఇక్కడే కూర్చుని ఉంటుంది అనుకుంటే గొంతు పట్టేసింది. 1805లో ఆ పిల్లల్ని, నాలుగేళ్ల కొడుకుని, మూడేళ్ల కూతుర్ని, చదువుల కోసమని మద్రాసులో ఓడెక్కించి ఇంగ్లండు పంపేశారు. ఆ అక్టోబరులోనే కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. తల్లి మళ్లీ పిల్లల మొహం చూడలేదు.

ఆ తర్వాత ఆమెను హైదరాబాదులో ఉండనివ్వలేదు. వెళ్లి తలదాచుకున్నది ఎక్కడనుకున్నారు? మా బందరులో! చిన్నప్పుడు బళ్లో బందరు గురించి డచ్చివాళ్లు, కలంకారీ, 1864 ఉప్పెన అన్నీ చెప్పారు. ఈమె గురించి ఒక్క మాట చెప్పలేదు. నాకు అది ఇప్పటికీ బాధే. చివరికి హైదరాబాదు తిరిగొచ్చి 1813లో, ముప్పై ఏళ్లయినా నిండకుండానే కన్నుమూసింది.

ఇంగ్లండులో పెరిగిన కూతురు కిట్టీ, ఎన్నో ఏళ్ల తర్వాత హైదరాబాదులో బతికే ఉన్న అమ్మమ్మ షరఫున్నీసా ఆచూకీ తెలుసుకుని ఉత్తరాలు రాసింది. అమ్మమ్మ జవాబులు పారశీకంలో వచ్చేవి.

బయట క్లాసులు అయిపోయి అమ్మాయిలు గుంపులుగా వెళ్తున్నారు. రెసిడెంటు విందులు చేసిన చోట 1949 నుంచీ ఆడపిల్లలు చదువుకుంటున్నారు. ఇద్దరు మెట్ల మీద, సింహం పక్కనే కూర్చుని రికార్డు రాసుకుంటున్నారు. ఆ ముందు వైపు మెట్లే, ఖైరున్నీసాకి వీలు కానివి.

మేనకోడలు బొమ్మ ఇంటి ముందు నన్ను ఫొటో తీసింది. బందరులో ఉన్న అమ్మకి పంపాను. వెంటనే ఫోను చేసింది.

"ఎవరిదే ఆ ఇల్లు, అంత ముద్దుగా ఉంది?"

"మన ఊళ్లో కొన్నాళ్లు ఉండి వెళ్లిన ఒకావిడదమ్మా" అన్నాను.