రూబార్బ్ డైరీ: మే దాటింది, వానాకాలం దాటలేదు

మా హైదరాబాద్ మిద్దె మీద మట్టి కుండీలోని రూబార్బ్ కూడా పోయింది. పుల్లటి కాడల కోసం పెంచే చలి దేశాల దుంప మొక్క ఇది. మే ఎండలన్నీ ఓర్చుకుని, పోయిన వారమే వేలెడంత ఎర్రటి మొగ్గను పైకి తోసిన మొక్క అది. మొగ్గ పక్కకు వాలినట్టు కనిపించి పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చింది. గ్రో బ్యాగుల్లో (మొక్కలు పెంచే సంచుల్లో) ఉన్నవి జూన్ వానలకు పోయాయంటే అర్థముంది. ఈ కుండీ సన్‌షేడ్ కింద, గోడ వారన ఉంది. దాని మీద ఒక్క చినుకు పడలేదు. అందుకే బాధ కంటే పట్టుదల ఎక్కువగా ఉంది. ఈ కుళ్లు సంగతి తేలాల్సిందే.

పంట విషయానికి వస్తే, పోయిన ఆగస్టులో వేసిన విక్టోరియా రకం రూబార్బ్ విత్తనాలకు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ముప్ఫై సెంటీమీటర్ల కాడలు వచ్చాయి. పప్పులోకి, జామ్‌లోకి బ్రహ్మాండంగా కుదిరాయి.

ఒక్క హెచ్చరిక మాత్రం మళ్లీ రాస్తున్నాను. పులుపు చుక్కకూరను తలపిస్తుంది, రెండూ ఒకే కుటుంబం మొక్కలు కూడా. అయినా రూబార్బ్‌లో తినేది కాడ ఒక్కటే. ఆకులో ఆక్సాలిక్ ఆమ్లం ప్రమాదకరమైన మోతాదులో ఉంటుంది. పక్క వాటా పిన్నిగారు "ఇంత లేత ఆకు పారేస్తావేమిటమ్మా, పప్పులో వేసుకుంటాను ఇవ్వు" అని గిన్నె పట్టుకుని వచ్చారు. కాడలు ఇచ్చి, ఆకులు ఆవిడ కళ్ల ముందే కంపోస్టు డబ్బాలో వేశాను. మిద్దె మీద ఇంకొకరు కోసుకునే వీలుంటే కుండీకి చీటీ కట్టడం మంచిది.

ఇక కుళ్లు. కుండీ బోర్లించి, మట్టి దులిపి, దుంపను నిలువునా కోశాను. గుప్పెడంత దుంప. కింది భాగం గట్టిగా ఉంది, కోతలో పచ్చి పసుపు కొమ్ము రంగు. వేళ్ల చివర్లు తెల్లగా, ఆరోగ్యంగా ఉన్నాయి. పైనుంచి మూడు సెంటీమీటర్ల మేర మాత్రం చాక్లెట్ రంగుకు తిరిగి, వేలితో నొక్కితే దిగబడుతోంది. పులిసిన వాసన. రెండు రంగుల మధ్య సరిహద్దు గీత గీసినట్టు ఉంది. ఎండిన కాడల అడుగులు దుంప మెడ చుట్టూ పొరలు పొరలుగా అతుక్కుని ఉన్నాయి. వాటిని ఒలిస్తే లోపల తడి, సన్నటి తెల్లటి బూజు.

గ్రో బ్యాగు మొక్కల తీరు వేరు. వాటిలో ముందు కింది వేళ్లు నల్లబడ్డాయి. పట్టి లాగితే తొక్క ఊడి వచ్చి లోపలి నార మిగిలింది. అంటే అక్కడ కుళ్లు కిందినుంచి పైకి, ఇక్కడ పైనుంచి కిందికి. అవి రెండు వేర్వేరు చావులని నా నమ్మకం. కుండీ అడుగు రంధ్రాలు పెద్దవి చేయడం, అడుగున పెంకులు పరచడం లాంటివి రెండో దానికి మందు కావు.

కొలతలు చూడండి. మే మధ్యాహ్నం మూడు గంటలకు, పది సెంటీమీటర్ల లోతున, నల్ల గ్రో బ్యాగులో పడమటి వైపు మట్టి 43 డిగ్రీలు, తెల్ల బ్యాగులో 38, మట్టి కుండీలో 34. వేడి నుంచి కాపాడడానికి మట్టి కుండీని మించింది లేదు, ధర ఎక్కువైనా సరే. పీహెచ్ (మట్టి ఆమ్లగుణం కొలత) అన్నింటిలోనూ 6.4 దగ్గరే ఉంది కాబట్టి దాన్ని పక్కన పెట్టాను. అసలు విషయం బరువులో దొరికింది. ఫిబ్రవరిలో నిండా ఆకులున్నప్పుడు కుండీ రోజుకు 300 గ్రాముల నీరు కోల్పోయేది. జూన్ చివర్లో, ఆకులేమీ లేక, గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు, 90 గ్రాములే. మొక్క తాగడం లేదు, మట్టి ఆరడం లేదు. అప్పుడు మట్టి వేడి పగలూ రాత్రీ 30 డిగ్రీల చుట్టుపక్కలే. గోరువెచ్చని తడిమట్టి, అందులో మేలుకోబోతున్న దుంప. వేళ్లను, మెడను కుళ్లబెట్టే బూజులాంటి సూక్ష్మజీవి ఫైటాఫ్తొరాకు ఇంతకంటే ఏం కావాలి? దాని బీజాలు నీటి పొరలో ఈదుతూ వెళ్లి మెడను పట్టుకుంటాయి.

చలి చాలకే చచ్చిందని అనేవాళ్లున్నారు. నాకు నచ్చడం లేదు. రూబార్బ్‌కు శీతాకాలంలో 5 డిగ్రీల లోపు చలి కావాలన్నది నిజం, హైదరాబాద్ డిసెంబరు అంత చలి ఇవ్వదన్నదీ నిజం. చలి లేకపోతే మొగ్గ బలహీనంగా రావాలి గానీ, వచ్చిన మొగ్గ మెడ దగ్గర కుళ్లడానికి అది కారణం కాదు. మార్చి వరకు కాడలు తీయడంతో దుంపలో నిల్వ తగ్గిందన్న అనుమానం మాత్రం బలంగా ఉంది. చలి దేశాల్లో మొదటి ఏడాది కాడ ముట్టుకోరు, దుంపను బలపడనిస్తారు.

మందుల మీద నా అభిప్రాయం: ట్రైకోడెర్మాను (తెగులు బూజులను అణచే మేలు చేసే బూజు) ముందే పశువుల ఎరువులో మాగబెట్టి కలిపితే పనికొస్తుంది. కుళ్లు కనిపించాక పోయడం డబ్బు దండగ. కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందును లీటరుకు మూడు గ్రాములు కలిపి పక్క కుండీల మొదళ్లలో పోశాను, వాటిలో ఇంకా కుళ్లు లేదు. కుళ్లిన పైభాగం కోసేసి మిగిలింది నాటవచ్చు కదా అంటే, మొగ్గలన్నీ మెడ దగ్గరే ఉంటాయి. మొగ్గ లేని ముక్క చిగురించదు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇతర మొక్కలకు ఎంత మంచిదైనా, తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి రూబార్బ్ కుండీలో ఇక వేయను. నా మిశ్రమంలో అది మూడో వంతు ఉండేది.

ఈ ఆగస్టుకు మిశ్రమం ఇలా: ఎర్రమట్టి సగం, దొడ్డు ఇసుక పావు, మాగిన పశువుల ఎరువు పావు. నారు నాటేటప్పుడు మెడ మట్టికి రెండు సెంటీమీటర్లు పైన ఉంటుంది, దాని చుట్టూ ఎరువుకు బదులు ఆరు మిల్లీమీటర్ల కంకర చిప్స్. ఏప్రిల్‌లో ఆకులు ఎండగానే అడుగు పొరలన్నీ ఒలిచేస్తాను. నీళ్లు పైనుంచి కాకుండా పళ్లెంలో పోసి, అరగంట తర్వాత మిగిలింది పారబోస్తాను. సగం మొక్కల కాడలు అసలు తీయను. నిల్వ గురించిన అనుమానం అలా తేలుతుంది. మేలో ఒక దుంపను తవ్వి, పొడి ఇసుకలో చుట్టి, ఫ్రిజ్ కూరగాయల అరలో సెప్టెంబరు దాకా ఉంచాలని ఉంది. చలీ దొరుకుతుంది, వానా తప్పుతుంది. ఇంట్లో అనుమతి రావాలి.

ఇవేవీ కుదరకపోతే ఫ్లోరిడా వాళ్ల దారి ఉండనే ఉంది. అక్కడి వేడికి వాళ్లు దీన్ని ఏటా విత్తనంతో మొదలుపెట్టి, వసంతంలో కాడలు తీసుకుని, వేసవికి ముగించేస్తారు. పంట కోసమైతే అదే తెలివైన పని. కానీ ఒక్క దుంపనైనా రెండో ఏడాదికి చేర్చాలని నాకు గట్టిగా ఉంది. విక్టోరియాతో పాటు ఈసారి గ్లాస్కిన్స్ పర్పెచువల్ అనే రకం విత్తనాలు కూడా తెప్పించాను. మొదటి ఏడాదే కాడలిస్తుందని దానికి పేరు. నెక్లెస్ రోడ్డులో నర్సరీ మేళా పెడితే పన్నెండు అంగుళాల మట్టి కుండీలు చూడాలి. ఈలోపు చిప్స్ కడిగి ఆరబెట్టాలి, పాత మట్టిని నల్ల ప్లాస్టిక్ పట్టా కింద ఎండబెట్టడానికి ముసురు విడవాలి.