జొన్నగిరి చేలల్లో అవ్వ కొంగుముడి

గుత్తిలో పత్తికొండ బస్సు కళ్లముందే వెళ్లిపోయింది. జొన్నగిరికి ఆటో నాలుగు వందలు అన్నాడు. బేరమాడితే, "తొలకరి సార్, ఈ నెల రోజులే మాకు" అన్నాడు. ఒళ్లు మండింది గానీ ఎక్కాను. దారిలో ఎర్రగుడి అశోకుడి శాసనాలు చూద్దామనుకున్నది అలాగే ఉండిపోయింది.

చేలో అడుగు పెట్టాక ఆటో సంగతి మర్చిపోయాను. వాన కడిగిన నేల మీద ఎక్కడ చూసినా వజ్రాల కోసం వెతుకుతూ వంగిన నడుములే. గట్టు మీద వేపచెట్టు కింద ఒక అవ్వ కూర్చుని ఉంది, ఆదోని వైపు నుంచి వచ్చిందట. చుట్టూ చూసి కొంగుముడి విప్పింది. కందిబద్దంత రాయి. మెరుపు లేదు, నూనె రాసినట్టు జిడ్డు నిగారింపు.

"వజ్రమేనా నాయనా?"

నాకు తెలియదన్నాను. రెండేళ్ల కింద ఇదే చేలో ఒకటి దొరికితే ముప్పై వేలకు అమ్మిందట.

"కాగితమేమన్నా ఇచ్చినారా అవ్వా?"

"కాగితముంటే గవర్నమెంటోళ్లు ఎత్తకపోరా?"

ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. అంగోలా, సియెర్రా లియోన్ యుద్ధాలకు వజ్రాలే పెట్టుబడి అయ్యాక, ముడి వజ్రం అలాంటి యుద్ధాల సొమ్ము కాదని చెప్పే కింబర్లీ ధ్రువపత్రం 2003 నుంచి వచ్చింది. ముడి వజ్రం దేశం దాటాలంటే సీలు వేసిన పెట్టె, దాంతో పాటు ఆ పత్రం ఉండాలి. సాన పట్టాక అది అక్కర్లేదు. ఈ అవ్వ రాయి సాన పట్టే సూరత్‌కు పోతే సరిహద్దే దాటదు, ఇక పత్రం మాటెక్కడిది?

పోనీ రాయిని చూసి ఊరు చెప్పగలరా అంటే, కెంపులోనో పచ్చలోనో పుట్టిన నేల ఆనవాళ్లు కాస్త దొరుకుతాయి. వజ్రం దాదాపు అంతా కర్బనమే, ల్యాబ్ కూడా నమ్మకంగా చెప్పలేదు. సానకు ముందే రాయిని పరీక్షించి వివరాలు దాచిపెడితే, తర్వాత పోల్చి ఇది అదేనని చెప్పగలరు. అంటే ఈ కొంగుముడి విప్పిన చోటే ఎవరో ఒకరు రాసిపెట్టాలి, ఆమె భయపడకుండా చూపించగలగాలి.

మనకిది కొత్తా? గోల్కొండ వజ్రమని లోకమంతా అంటుంది, గోల్కొండలో గనే లేదు. అది అమ్మిన చోటు. తవ్విన కొల్లూరు పులిచింతల నీళ్ల కింద ఉంది. పేరు అంగడికి దక్కింది, తవ్వినవాళ్ల ఊరికి దక్కలేదు. చిన్నప్పుడు గోల్కొండ అని గర్వంగా చెప్పుకున్న నాకు, ఆ గట్టు మీద గుండె బరువెక్కింది.

పొద్దు వాలుతుండగా బైకు మీద ఒకతను వచ్చాడు. రాయిని భూతద్దం కింద రెండుసార్లు తిప్పి చూశాడు. "పలుగురాయి అవ్వా" అని, దాన్ని చొక్కా జేబులో వేసుకుని, ఐదు వందల నోటు ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

అవ్వ నోటును కొంగున కట్టుకుంది. బైకు పోయిన దారి చాలాసేపు చూసి నావైపు తిరిగింది.

"పలుగురాయికి అయినూరు ఎవురిస్తారు నాయనా?"