గదులు లేస్తున్నాయి, మనుషులే దొరకట్లేదు

డాలస్‌కు ఉత్తరాన ఇప్పుడు ఎటు చూసినా కొత్త ఇళ్లే. 20 వేలు దాటిన జనాభా ఉన్న నగరాల్లో 2023లో అమెరికా అంతటికీ వేగంగా పెరిగింది సెలీనా అని, మరుసటి ఏడు ప్రిన్స్‌టన్ అని సెన్సస్ వాళ్లు లెక్క తేల్చారు. రెండూ మా వైపువే. ఈ ప్రాంతంలోనే ఒక హైస్కూల్లో నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పే స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ని.

జనం పెరగగానే ఇక్కడి బడుల్ని నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ బాండ్ల కోసం, అంటే అప్పు తెచ్చుకోడానికి, ఎన్నిక పెడుతుంది. ఓటర్లు సరేనంటే కొత్త బడి లేస్తుంది. చిక్కల్లా, బాండ్ డబ్బు గోడలకూ బస్సులకూ పనికొస్తుంది గానీ జీతాలకు వాడకూడదు. అందుకే నాకు తళతళలాడే గది ఇచ్చారు. అందులో టీచరుకు సాయంగా ఉండాల్సిన పారాలే సగం మంది లేరు. స్పీచ్ థెరపిస్టు ఇంకో రెండు బడులకూ పరుగెత్తాలి. 1975లో ఈ చదువుకు చట్టం తెచ్చినప్పుడు, అదనపు ఖర్చులో 40 శాతం దాకా భరిస్తామని ఫెడరల్ ప్రభుత్వం మాటిచ్చింది. ఏనాడూ పూర్తిగా ఇచ్చింది లేదు.

పైగా టెక్సస్‌ది పాత బాకీ కూడా ఉంది. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో 8.5 శాతానికి మించి పిల్లలు ఉండకూడదన్నట్టు రాష్ట్రం 2004లో ఒక లక్ష్యం పెట్టింది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ ఆ సంగతి బయటపెట్టింది. ఇది చట్టాన్ని మీరడమేనని 2018లో కేంద్ర విద్యాశాఖ తేల్చింది. ఆ పరిమితి తీశాక, ఎప్పుడో సాయం అందాల్సిన పిల్లలు పెద్ద క్లాసుల్లోకొచ్చి పడ్డారు.

కొత్త బడి తెరిచిన ప్రతిసారీ, ఏ వీధి పిల్లలు ఏ బడికో చెప్పే బౌండరీలు మారతాయి. మిగతా పిల్లలు కొన్నాళ్లు గొణుక్కుని సర్దుకుంటారు. రోజువారీ పనులు నేర్పే లైఫ్ స్కిల్స్ క్లాసు మాత్రం ప్రతి బడిలోనూ ఉండదు. చట్టం ఏ సేవలు ఇవ్వాలో చెబుతుంది గానీ, ఫలానా బడిలోనే ఇవ్వాలని పట్టుబట్టదు. కాబట్టి గది ఎక్కడ ఖాళీ ఉంటే మావాళ్లు అక్కడికి. ఆటిజం ఉన్న ఒక కుర్రాడు లంచ్‌రూమ్ రొదకు అలవాటు పడి, తన ట్రే తానే తెచ్చుకునే దాకా రావడానికి ఏడాది పట్టింది. కొత్త బిల్డింగ్‌లో బెల్లు మోత వేరు, బస్సులో మనిషి వేరు. మళ్లీ మొదటికొచ్చాం. రిబ్బన్ కటింగ్ ఫోటోల్లో ఇవేవీ కనపడవు.

మన తెలుగు తల్లిదండ్రులతో ఆర్డ్ మీటింగ్ (పిల్లలకు ఏ సేవలివ్వాలో తేల్చేది) అయితే ఇంకో రకం టెన్షన్. ఇంగ్లీషులో అన్నిటికీ తలూపి, పార్కింగ్ లాట్‌లో తెలుగులో అసలు మాట అడుగుతారు. "ఏమండీ, ఈ ముద్ర రికార్డుల్లో ఉంటే రేపు కాలేజీ సీటు రాదేమో?" ఐఈపీని, అంటే ఆ పిల్లల కోసం రాసిన ప్రత్యేక ప్లాన్‌ని, బడి కాలేజీకి పంపదు, అక్కడ సాయం కావాలంటే విద్యార్థే అడగాలి అని చెబితే కాస్త ఊపిరి పీల్చుకుంటారు. తొమ్మిదో క్లాసు దాకా ఎవరికీ చెప్పకుండా ట్యూషన్లతో నెట్టుకొచ్చిన ఇళ్లు నాకు తెలుసు. వాళ్లను తప్పుపట్టలేను గానీ, ఆ ఏళ్లు మాత్రం తిరిగిరావు.

టెక్సస్‌లో 14 ఏళ్లు నిండేసరికి, బడి అయ్యాక ఏం చేస్తారో ప్లాన్ మొదలవ్వాలి. పిల్లల్నే అడగాలి కూడా. మొన్నొక మీటింగ్‌లో తండ్రి గారు "ఏదో ఒక కంప్యూటర్ కోర్సు" అనబోతుంటే, అబ్బాయి "నేను స్టోర్లో కార్టులు సర్దుతా" అన్నాడు, గట్టిగా. ఆయన కాసేపు టేబుల్ వైపే చూసి, "దానికి ట్రైనింగ్ ఇక్కడ ఇస్తారా మేడమ్?" అనడిగారు. క్లాసు ఉందండీ, పనిచోటుకు వెంట వెళ్లే జాబ్ కోచ్ పోస్టే ఆగస్టు నుంచి ఖాళీగా ఉందన్నాను. స్కూల్ బోర్డు మీటింగ్‌లో తల్లిదండ్రులు మాట్లాడొచ్చా అని అడిగి, తేదీ ఫోన్లో రాసుకున్నారు.